డి కిరికో బొమ్మల్ని అట్టపెట్టెలో కట్టిన మూడు వారాలు

1వ రోజు, శనివారం

తెలుగులో ఒక తిప్పలుంది. గీసినదీ బొమ్మే, ఆడుకునేదీ బొమ్మే. ఈ డైరీలో గీసినదాన్ని చిత్రం అంటాను, అందులో నిలబడ్డవాటిని బొమ్మలంటాను, లేకపోతే నెల తర్వాత చదువుకుంటే నాకే అర్థం కాదు.

చిత్రం పేరు ‘కలవరపెట్టే మ్యూజ్‌లు’, అంటే కలవరపెట్టే కళాదేవతలు. గీసింది జార్జో డి కిరికో అనే చిత్రకారుడు. తల్లిదండ్రులు ఇటలీవాళ్ళు, ఆయన పుట్టింది మాత్రం గ్రీసులోని వోలోస్‌లో, 1888లో, తండ్రి అక్కడ రైలుమార్గాలు వేసే ఇంజనీరు. ఈ చిత్రం 1916–18 మధ్య, మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతుండగా, ఇటలీలో ఫెర్రారా అనే ఊళ్ళో ఉండగా గీశాడు. అసలుది 97 సెంటీమీటర్ల ఎత్తు, 66 వెడల్పు. దాన్ని మూడో వంతుకి తగ్గించి ఏ3 కాగితం మీద కలర్ ప్రింటు తీయించాను. ఇటుక ఎరుపులో ఉండాల్సిన కోట వంకాయ రంగులో వచ్చింది, గొడవపడి రెండోసారి తీయిస్తే బీట్‌రూట్ రంగులో వచ్చింది, ఇక చాల్లే అని తెచ్చుకుని గోడకి అంటించాను. రంగులు ఫోన్లో చూసుకోవాలి.

ముందు కళ్ళకి కనపడేది రాసుకుంటాను, అర్థాల సంగతి తర్వాత. చెక్కపలకలు పరిచిన నేల, నాటకం స్టేజిలా మన దగ్గర్నుంచి పైకి ఎక్కుతూ పోతుంది. ఎడమవైపు ఒక బొమ్మ మనకి వీపు చూపిస్తూ నిలబడి ఉంది. నడుము కింద చీర కుచ్చిళ్ళేమో అనుకుంటాం, కాసేపు చూస్తే అవి రాతి స్తంభానికి చెక్కిన నిలువు గాడుల్లా ఉంటాయి. తల కోడిగుడ్డులా నున్నగా ఉంది. కొంచెం కుడికి నీలం పెట్టె మీద ఇంకో బొమ్మ కూర్చుంది, దానికి తల ఉండాల్సిన చోట చిన్న నల్లటి గుబ్బ ఒక్కటే ఉంది. దగ్గర్లో ఎర్రటి మాస్కు, చారల కర్ర, రంగు పెట్టెలు. వెనక కుడివైపు నీడలో దిమ్మ మీద ఒక విగ్రహం. దూరంగా ఎర్ర కోట, పొగగొట్టాల ఫ్యాక్టరీ, వాటిపైన ఆకుపచ్చ ఆకాశం. ప్రాణమున్న మనిషి ఒక్కడూ లేడు.

మా తమ్ముడు చూసి ఒక్క ముక్కలో తేల్చేశాడు. “కీలుబొమ్మలక్కా ఇవి. యుద్ధం టైమ్‌లో గీశాడంటున్నావు కదా, జనాన్ని ఆడించేవాళ్ళ మీద వేసిందే అయుంటుంది.” నేనూ అలాగే అనుకున్నాను. కానీ మనకి కీలుబొమ్మ అనగానే దాన్ని ఆడించేవాడు కూడా వెంటనే గుర్తుకొస్తాడు, తోలుబొమ్మలాటలో కేతిగాడు తెర మీద ఎంత గంతులేసినా పుల్ల పట్టుకున్న చెయ్యి తెర వెనక ఉంటుంది. ఇక్కడ తాడు లేదు, పుల్ల లేదు, చెయ్యి లేదు. మరి దేన్ని చూసి కీలుబొమ్మ అంటున్నాం?

చదివింది చాలు, అట్టపెట్టెలో ఈ చిత్రాన్ని అచ్చంగా కట్టి చూద్దాం, ఎక్కడ కుదరకపోతే అక్కడ ఏదో ఉన్నట్టు. ఇదీ ప్రాజెక్టు.

3వ రోజు

ప్రింటు మీద ట్రేసింగ్ పేపరు పెట్టి స్కేలుతో గీతలు లాగాను. నేల పలకల అంచుల్ని పొడిగించుకుంటూ పోతే అవన్నీ దూరంగా ఒకచోట కలవాలి, రైలుపట్టాలు కలిసినట్టు. స్కూల్లో డ్రాయింగ్ మాస్టారు నేర్పింది అదే. పలకలు వాటి దారిన అవి పోయాయి. పెట్టెల అంచుల్ని పొడిగిస్తే మాత్రం అవి ఇంకో వైపుకి పోయాయి, ఒక పెట్టెకీ ఇంకో పెట్టెకీ కూడా పొత్తు కుదరలేదు. నేనే వంకరగా గీశానేమోనని కాగితం మార్చి మళ్ళీ గీశాను. అదే గోల.

చేతకాక చేసిన పని మాత్రం అయ్యుండదు. ఆయన ఏథెన్స్‌లో, మ్యూనిక్‌లో చదువుకున్నవాడు, ఇంజనీరు కొడుకు, ఆ కాలంలో గీసిన చిత్రాల్లో మూలమట్టాలు, కొలబద్దలు కుప్పలుగా పడి ఉంటాయి. స్కేలు పట్టడం తెలిసిన మనిషే కావాలని తప్పు గీశాడు.

5వ రోజు

నేల అయింది. 60 సెంటీమీటర్ల ఫ్రిజ్ అట్టముక్క మీద ఐస్‌క్రీమ్ పుల్లలు వరసగా అంటించాను, లోతు 45. చివర్ల గుండ్రాలు కత్తిరించి, ఇసుక కాగితంతో రుద్ది, ఫెవికాల్ పెట్టి, పైన పుస్తకాలు బరువు పెట్టి ఒక రాత్రి ఉంచాను. వేళ్ళకి అంటిన ఫెవికాల్ ఒలుచుకోవడంలో ఉన్న సుఖం వేరు. రంగు నారింజకి, గోధుమకి మధ్యలో ఏదో కుదిరింది.

కోట చేస్తూ కొంత చదివాను. ఆ కోట నిజంగానే ఫెర్రారా నడిబొడ్డున ఉంది, పేరు కాస్తెల్లో ఎస్తెన్సే, 1385లో కట్టడం మొదలుపెట్టారు, నాలుగు బురుజులు, చుట్టూ నీళ్ళ కందకం, అంతా ఇటుక. దాని ముందు చెక్క నేల ఏమీ లేదు, అది ఈయన వేసిందే. 1915లో ఇటలీ యుద్ధంలోకి దిగినప్పుడు పారిస్ నుంచి ఈయనా, ఈయన తమ్ముడూ వచ్చి సైన్యంలో చేరారు, ఫెర్రారాలో వేశారు. ఈయన ఆరోగ్యం చూసి యుద్ధానికి పంపకుండా గుమాస్తా పని ఇచ్చారు. 1917లో ఊరి బయట ఉన్న సైనిక ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచారు, నరాల జబ్బుల ఆసుపత్రి, కార్లో కర్రా అనే ఇంకో చిత్రకారుడు కూడా అక్కడే ఉన్నాడు, ఇద్దరూ అక్కడే రంగులేసుకున్నారు. దగ్గర్లో యుద్ధం జరుగుతుంటే ఊళ్ళో ఫైళ్ళు రాసుకుంటూ, ఏ రోజు ఏ కబురొస్తుందో తెలియకుండా కూర్చోవడం. ఇది గుర్తుపెట్టుకోవాలి.

8వ రోజు

ఈ రోజు పని చెయ్యలేదు కానీ ఈ ప్రాజెక్టు మొత్తంలో పనికొచ్చిన రోజు ఇదే.

కూర్చున్న బొమ్మకి తల లేకపోవడం దగ్గర ఆగిపోయాను. తెగిన తలా, ఊడదీసిన తలా, అసలు పెట్టనే లేదా? యుద్ధం, తల తెగడం, ఇలా ఊహలు ఎటో పోయాయి. డి కిరికో ఈ బొమ్మల్ని దర్జీ దగ్గరుండే డమ్మీల్ని చూసి గీశాడని అందరూ రాసేదే కాబట్టి ప్రింటు మడిచి జేబులో పెట్టుకుని మా వీధి చివర టైలర్ బాబాయ్ దగ్గరికి వెళ్ళాను. ఆయన షాపులో ఒక పాత డమ్మీ ఉంది, గుడ్డ చుట్టిన ఒళ్ళు, చేతుల్లేవు, కింద ఇనప కాలు, మెడ మీద పాలిష్ పోయిన చెక్క గుబ్బ.

“బాబాయ్, దీనికి తల ఏదీ?”

“తలెందుకమ్మాయ్? జాకెట్టుకి తలతో పనేముంది?” అని ఆ గుబ్బ పట్టుకుని డమ్మీని అటూ ఇటూ తిప్పి చూపించాడు. “ఇది పట్టుకుని తిప్పుకోవడానికి. మొహం ఉండేది చీరల షాపు బొమ్మ, అది చూపుడికి. ఇది కొలతకి.”

ప్రింటు చూపించాను. కూర్చున్న బొమ్మ మీద వేలు పెట్టి, “ఇదీ కొలత బొమ్మే, కూర్చోబెట్టాడేంటి?” అని నవ్వాడు. ఆయనకి అందులో తెగిన తల కనపడనే లేదు.

ఇంటికొచ్చి చాలాసేపు ఆలోచించాను. కీలుబొమ్మ వెనక ఒక మనిషి ఉంటాడు. కొలత బొమ్మ అలా కాదు, దాని ముందు ఒక మనిషి రావాల్సి ఉంటుంది. ఎవరి ఒంటికో బదులు నిలబడే ఒళ్ళు అది. బట్ట ఉంది, కొలత ఉంది, వేసుకునే మనిషి ఇంకా రాలేదు. తాడు ఎవరి చేతిలో ఉందా అని నేనూ మా తమ్ముడూ వెతికింది ఉత్త దండగ.

పేరు కూడా ఇప్పుడు ఎక్కింది. మ్యూజ్‌లంటే గ్రీకుల తొమ్మిదిమంది కళాదేవతలు. మాస్కు, కర్ర చూసి ఈ ఇద్దరినీ విషాద నాటకం దేవత మెల్పొమెనె, హాస్య నాటకం దేవత థాలియా అంటారు, వెనక నీడలో ఉన్నవాడు వాళ్ళ నాయకుడు అపోలో. మన లెక్కలో చెప్పాలంటే సరస్వతీదేవి రావాల్సిన చోట టైలర్ డమ్మీని తెచ్చి కూర్చోబెట్టి, ‘అమ్మవారు వచ్చేదాకా దీనికే దండం పెట్టుకోండి’ అన్నట్టు. నవ్వొస్తుంది, ఒక నిమిషం తర్వాత నవ్వు రాదు.

ఇంకో సంగతి. ఈ మొహంలేని బొమ్మలు ఆయన చిత్రాల్లోకి వచ్చింది ఫెర్రారాకి ముందే, 1914లో పారిస్‌లో. అదే ఏడు ఆయన తమ్ముడు, సావీనియో పేరుతో రాసేవాడు, గొంతు, కళ్ళు, మొహం లేని మనిషి పాత్రతో ఒక నాటకంలాంటిది రాశాడు. కాబట్టి యుద్ధమే ఈ బొమ్మల్ని పుట్టించిందన్న మా తమ్ముడి మాట సగం కొట్టేశాను. మిగతా సగం ఉంచాను, ఎందుకంటే వీటికి ఈ ఊరు, ఈ కోట, ఈ ఖాళీ చౌకు దొరికింది యుద్ధం వల్లే.

9, 10, 11

బొమ్మలు. తీగతో అస్థిపంజరం, పైన కాగితపు గుజ్జు, దానిపైన ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచిన గాజుగుడ్డ. నిలబడ్డదాని ఎత్తు 18 సెంటీమీటర్లు. మొదటిసారి ప్లాస్టర్ చిక్కగా కలిపాను, గుడ్డ తీసేలోపు గిన్నెలోనే గట్టిపడింది. ఆ గిన్నె వంటింటిదని అమ్మకి ఇంకా తెలీదు. రెండోసారి మజ్జిగలా పల్చగా కలిపితే మడతలు బాగా నిలిచాయి. స్తంభం గాడులు తడిగా ఉండగానే ఐస్‌క్రీమ్ పుల్ల అంచుతో లాగాను. నడుము పైన గుడ్డ మడతలు, కింద రాతి గాడులు, రెండూ ఎక్కడ విడిపోతున్నాయో చిత్రంలో తెలీదు. నా చేతిలో మాత్రం అక్కడ ఒక చారలాంటిది వచ్చేసింది, మూడుసార్లు రుద్దాను, పోలేదు. ఉండనీ.

12వ రోజు

వెలుతురు. టేబుల్ లైటు పక్కన పెట్టి చూస్తే ఒక బొమ్మ నీడ ఇటు, ఇంకో బొమ్మ నీడ అటు, విసనకర్రలా విచ్చుకున్నాయి. దీపం దగ్గరుంటే అంతే. చిత్రంలో ఉన్నది ఎండ, నీడలు ఒకదానికొకటి సమాంతరంగా పడాలి. మా బాల్కనీ పడమర వైపు కాబట్టి పెట్టెని అక్కడికి మోసుకెళ్ళాను. సాయంత్రం నాలుగున్నరకి 18 సెంటీమీటర్ల బొమ్మకి 42 సెంటీమీటర్ల నీడ పడింది. ఐదింటికి 60 దాటి పెట్టె గోడ ఎక్కేసింది. ఆ అరగంటలో ఎన్ని ఫొటోలు తీశానో లెక్కలేదు.

నీడ అంత పొడుగ్గా పడేవేళకి మా బాల్కనీలో గోడలు, బట్టల తీగ, నా చెయ్యి, అన్నీ పసుపెక్కిపోయాయి. ఆకాశం తెల్లబోయింది. చిత్రంలో మాత్రం ఆకాశం ముదురాకుపచ్చ, అదేదో లోపల్నుంచి చల్లగా ఉన్నట్టుంటుంది. అంటే ఎండ ఒక పూటది, ఆకాశం ఇంకో పూటది. ఫ్లోరెన్స్‌లో ఒక శరత్కాలపు మధ్యాహ్నం శాంతా క్రోచే గుడి ముందు కూర్చుని ఉండగా, చుట్టూ ఉన్నదంతా మొదటిసారి చూస్తున్నట్టు అనిపించిందని ఆయనే రాసుకున్నాడు. ఆ మధ్యాహ్నాన్నే జీవితాంతం గీశాడేమో అని నా అనుమానం. నేను ఆకుపచ్చ వెయ్యడానికి ఒక చార్టు పేపరు తీసుకుని మూడు పూతలేశాను. రెండో పూతకి కొబ్బరిచెట్టు రంగు, మూడో పూతకి కొంచెం దగ్గరికొచ్చింది.

13వ రోజు

ఇవాళ ఓడిపోయాను. ఫోన్‌ని స్టాండుకి బిగించి, ప్రింటులో ఎలా ఉందో అలా పెట్టెలోపల ఫొటో రావాలని కూర్చున్నాను. ఫోన్ ఎత్తుగా పెడితే నేల చిత్రంలోలాగా నిటారుగా లేచి కనిపిస్తుంది, కానీ అప్పుడు కోట బురుజుల పైకప్పులు కూడా కనపడిపోతాయి, మేడమీద నుంచి చూసినట్టు. కిందికి దించితే కోట దారిలోకి వస్తుంది, నేల మాత్రం పల్చని పట్టీలాగా నలిగిపోతుంది. రెండూ ఒకేసారి కావాలంటే ఒక కన్ను మేడ మీద, ఒక కన్ను గుమ్మంలో ఉండాలి. రాత్రి పదకొండు దాకా స్టాండు ఎత్తుతూ దించుతూ కూర్చున్నాను, టెన్షన్ తప్ప ఏమీ మిగల్లేదు.

14వ రోజు

పొద్దున్న కాఫీ తాగుతుంటే తట్టింది. స్టేజిలా ఉంది, స్టేజిలా ఉంది అని మొదటిరోజు నుంచీ రాస్తూనే ఉన్నాను, మరి నిజంగా స్టేజిలాగానే ఎందుకు కట్టకూడదు? పాత రోజుల్లో యూరప్ నాటకశాలల్లో స్టేజి వెనకభాగం ఎత్తుగా, ముందుకి వాలుగా కట్టేవారు, వెనక నిలబడ్డవాళ్ళు కూడా ప్రేక్షకులకి కనపడాలని. నేల వెనక అంచు కింద పాత పంచాంగాలు, ఒక డిక్షనరీ పెట్టి 12 సెంటీమీటర్లు లేపాను. ఫోన్ దించాను. వచ్చేసింది! నేల లేచింది, కోట తిన్నగా నిలబడింది, పైగా కోట అడుగుభాగం నేల అంచు వెనక దాక్కుని, ఊరు మెల్లగా కుంగుతున్నట్టు కనపడింది.

ఆ ఆనందంలో పెట్టె జరిపాను. నిలబడ్డ బొమ్మ జారి నేలమీద పడి నడుము దగ్గర, సరిగ్గా ఆ చార దగ్గరే, రెండు ముక్కలయింది.

16వ రోజు

రెండో బొమ్మ చేశాను. మొదటిదానికి మూడు రోజులు పడితే దీనికి ఒక పూట పట్టింది, చార కూడా రాలేదు, మడతలు చక్కగా ఉన్నాయి. అయినా మొదటిదే బాగుంది. దీన్ని చూస్తుంటే నేను ఆ చిత్రాన్ని చూసి చేసినట్టు లేదు, నా మొదటి బొమ్మని చూసి చేసినట్టుంది.

ఈ చిత్రం కథ కూడా ఇదే కాబట్టి రాస్తున్నాను. 1924లో ఫ్రెంచి రచయిత ఆంద్రే బ్రెతాన్, కలల్నీ మనసు లోతుల్నీ కళలోకి తేవాలన్న సర్రియలిజం ఉద్యమానికి ప్రకటన రాసినప్పటికి ఈ చిత్రం గీసి ఆరేడేళ్ళయింది, డి కిరికో తన పనిని అధిభౌతిక చిత్రకళ, అంటే కంటికి కనపడేదానికి ఆవల ఉన్నదాన్ని గీసే కళ, అనేవాడు. సర్రియలిస్టులు మా పెద్దాయన అని నెత్తిన పెట్టుకున్నారు. వాళ్ళలో కవి పాల్ ఎల్యువార్ కోసం ఆ 1924లోనే దీనికి ఒక నకలు గీసిచ్చాడు. తర్వాత ఆయన పాత పద్ధతి చిత్రాల వైపు తిరిగితే వాళ్ళే తిట్టిపోశారు. ఆయనేం తగ్గలేదు, 1945 నుంచి 1962 లోపు ఈ ఒక్క చిత్రానికే 18 నకళ్ళు గీశాడు. కొన్ని పాత చిత్రాల నకళ్ళ మీద పాత తేదీలు కూడా వేసేవాడు. ఇది జనానికి మహా కోపం తెప్పించింది. 1982లో అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్హోల్‌కి మాత్రం అదే నచ్చి, ఈ మ్యూజ్‌లనే వరసగా అచ్చులేశాడు.

మొన్నటిదాకా నేను కోపం తెచ్చుకున్నవాళ్ళ పక్షమే. ఇప్పుడు రెండో బొమ్మ చేశాక కొంచెం మెత్తబడ్డాను కానీ పూర్తిగా కాదు. కొలత బొమ్మని 18 సార్లు నిలబెట్టడంలో తమాషా ఉంది, ఒప్పుకుంటాను. పాత తేదీ వెయ్యడం మాత్రం మోసమే, దానికి ఎన్ని పేర్లు పెట్టినా.

20వ రోజు

అంతా అంటించాను. పెట్టెలు, చారల కర్ర (ఊలు సూదికి ఎరుపు తెలుపు చుట్టాను), ఎమ్‌సీల్‌తో చేసిన మాస్కు, వెనక అపోలో. బాగుంది. కానీ భయం లేదు. బుల్లి బొమ్మరిల్లులా ముద్దుగా ఉంది, మా మేనకోడలు చూసి లోపల తన ప్లాస్టిక్ కుందేలుని పెట్టి ఫొటో తీసుకుంది. చిత్రం చూస్తే వచ్చే కలవరం దీన్లో ఎందుకు రాదో తెలీలేదు. కొలత తప్పు లేదు, వాలు సరిగ్గానే ఉంది, ఎండ సరిగ్గానే ఉంది.

21వ రోజు

సాయంత్రం టైలర్ బాబాయ్ వచ్చాడు, అమ్మ జాకెట్లివ్వడానికి. పెట్టె చూపించాను. వంగి, కళ్ళజోడు పైకి జరిపి, చాలాసేపు చూశాడు.

“నిలబడ్డది ముందుకి తూలుతోంది అమ్మాయ్.”

“నేల వాలుగా ఉంది కదా బాబాయ్, దానితోపాటే వంగింది.”

“నేల ఎట్లా ఉంటే మనకేం? బట్ట తిన్నగా పడాలంటే బొమ్మ నిలువుగా ఉండాలి.” మెళ్ళో టేపు తీసి కొన పట్టుకుని తూకం గుండులా వేలాడదీశాడు, దాని పక్కన బొమ్మ ఎంత వంగిందో తెలిసిపోయింది. జేబులోంచి బిల్లు కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి దాని ముందు అంచు కింద దోపాడు. మళ్ళీ టేపు పట్టాడు. ఇంకో మడత. “ఆ, ఇప్పుడు సరిగ్గా నిలబడింది” అని టీ తాగి వెళ్ళిపోయాడు.

ఫోన్లోంచి చూశాను. నేల ముందుకి జారుతోంది, బొమ్మ మాత్రం ఆ జారుడు తనకి సంబంధం లేనట్టు నిట్టనిలువుగా ఉంది. పడిపోవాలి కానీ పడట్లేదు. కోట వైపు తిరిగి, ఎవరో వస్తారన్నట్టు. వెనక్కి వెళ్ళి ప్రింటు మీద స్కేలు పెట్టాను. నిలువు. కూర్చున్నది, నిలువు. వెనక అపోలో, నిలువు. ఇన్ని గీతలు లాగి ఈ ఒక్క గీత గీయలేదు.

అపోలోకి, కూర్చున్నదానికి కూడా అట్టముక్కలు దోపాను. అప్పటికి ఐదు దాటింది, నీడలు గోడ ఎక్కుతున్నాయి. బిల్లు కాగితం అంచు కొంచెం బయటికి కనపడుతోంది, దాని మీద అమ్మ జాకెట్టు కొలతలున్నాయి. దానికి నేల రంగు వేద్దామని బ్రష్ తీశాను, మళ్ళీ పెట్టేశాను.